వృద్ధాప్యంలో తోడు ఎవరు? గే సమాజపు తొలితరం ముందున్న ప్రశ్న

వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఏర్పడే స్వలింగ సంబంధాలు నేరం కావని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు దారితీసిన ఉద్యమంలో తొలి అడుగులు వేసిన తరం నేడు వృద్ధాప్యంలోకి ప్రవేశిస్తోంది. 1990 ప్రాంతంలో పాతికేళ్లు, ముప్పయ్యేళ్ల యువకులుగా ఉన్న గే పురుషులు ఇప్పుడు అరవయ్యో పడికి చేరారు, కొందరు దానిని దాటారు కూడా. వారిలో పలువురికి సంతానం లేదు. కొందరికి సొంత కుటుంబంతో రాకపోకలు ఏనాడో నిలిచిపోయాయి. జబ్బు చేస్తే ఆస్పత్రిలో సంతకం పెట్టేది ఎవరు, కలిసి కాపురమున్న ఇల్లు ఎవరికి చెందుతుంది, చివరకు అంత్యక్రియలు ఎవరు జరుపుతారు అన్న ప్రశ్నలకు చట్టం వద్ద ఇప్పటికీ పూర్తి సమాధానం లేదు.

ఈ తరం సాధించినదేమిటో తెలిస్తేనే ప్రశ్న తీవ్రత అర్థమవుతుంది. పాత్రికేయుడు అశోక్ రావ్ కవి 1990లో ముంబై నుంచి ‘బాంబే దోస్త్’ పత్రికను ప్రారంభించారు. తనలాంటివారు మరికొందరు ఉన్నారన్న సంగతే తెలియని పాఠకులకు ఆ పత్రిక ఆసరా అయింది. 1994లో ఆయన మిత్రులతో కలిసి హమ్‌సఫర్ ట్రస్టును స్థాపించారు. ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే బృందం భారతదేశంలో స్వలింగ ప్రేమికుల స్థితిగతులపై 1991లో ఒక పౌర నివేదికను వెలువరించింది. ఆ కృషిలో ముఖ్యపాత్ర వహించిన యువ న్యాయవాది సిద్ధార్థ గౌతమ్ మరుసటి ఏడాదే, ముప్పయ్యేళ్లు నిండకముందే, క్యాన్సర్‌తో కన్నుమూశారు. 377వ సెక్షన్‌ను సవాలు చేస్తూ అదే బృందం 1994లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 1999 జూలై 2న కోల్‌కతాలో పదిహేను మంది కలిసి నడిచిన ‘మైత్రీ యాత్ర’ దక్షిణాసియాలో తొలి ప్రైడ్ యాత్రగా గుర్తింపు పొందింది.

అవి హెచ్‌ఐవీ భయం దేశాన్ని కమ్ముకున్న రోజులు. 1986లో చెన్నైలో తొలి కేసులు బయటపడిన తర్వాత చాలాకాలం రోగికి వైద్యం కంటే వెలివేతే ముందుగా ఎదురయ్యేది. ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మందుల పంపిణీని 2004 ఏప్రిల్ 1న ప్రారంభించింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలకు ఆ కార్యక్రమంలో ప్రాధాన్యం లభించగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అంతకుముందు మంచం పట్టినవారి వెంట ఆస్పత్రికి వెళ్లడం, భోజనం అందించడం, ఆప్తులు ముఖం చాటేసినప్పుడు తోడుగా కూర్చోవడం వంటి పనులను అనేక చోట్ల మిత్రులే తలకెత్తుకున్నారు. సేవ చేసినందుకు శిక్ష అనుభవించినవారూ ఉన్నారు. 2001 జూలైలో లక్నోలో హెచ్‌ఐవీ నివారణకు కృషి చేస్తున్న కార్యకర్తలను పోలీసులు 377వ సెక్షన్ తదితర ఆరోపణలపై అరెస్టు చేశారు. వారు నెలన్నరకు పైగా జైలులో గడిపారు.

రక్తసంబంధం లేకపోయినా ఒకరి బాధ్యతను మరొకరు స్వీకరించే ఈ అలవాటే గే సమాజానికి కుటుంబంగా నిలిచింది. అయితే చట్టం గుర్తించే బంధుత్వాల జాబితాలో దానికి చోటు లేదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా మరణించిన వ్యక్తి ఆస్తి బంధువులకే చెందుతుంది. ముప్పయ్యేళ్లు కలిసి జీవించిన సహచరుడికి అందులో వాటా రాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 సంతానం లేని వృద్ధుల పోషణ బాధ్యతను వారి ఆస్తికి వారసులు కాగల బంధువులపై ఉంచింది. వాస్తవంగా సేవ చేస్తున్న సహచరుడి స్థానం గురించి అది మౌనం వహించింది.

ఈ లోటును పూడ్చాలని కోరినవారిలో హైదరాబాద్‌కు చెందిన జంట కూడా ఉంది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ దాఖలు చేసిన పిటిషన్ పేరుతోనే స్వలింగ వివాహాల కేసు చరిత్రకెక్కింది. వివాహానికి రాజ్యాంగం ప్రాథమిక హక్కు హోదా ఇవ్వలేదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబరు 17న స్పష్టం చేసింది. అదే సమయంలో ఇలాంటి జంటలకు దక్కవలసిన ప్రయోజనాలను పరిశీలించేందుకు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీని నియమిస్తామన్న కేంద్రం హామీని నమోదు చేసింది. 2024 ఏప్రిల్‌లో ఆ కమిటీ ఏర్పడింది. తీర్పును పునఃసమీక్షించాలన్న పిటిషన్లను 2025 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

కమిటీ ఏర్పాటు తర్వాత కొన్ని చర్యలు వెలువడ్డాయి. స్వలింగ సహచరులు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పేర్కొనడానికి ఆటంకం లేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టతనిచ్చింది. రేషన్ కార్డు విషయంలో వారిని ఒకే కుటుంబంగా పరిగణించాలని ఆహార, ప్రజాపంపిణీ శాఖ రాష్ట్రాలకు సూచించింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు సహచరుడి భౌతికకాయాన్ని స్వీకరించే అవకాశం కల్పించాలని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఇవి స్వాగతించదగినవే. కాని వీటి పరిమితులను గమనించాలి. ఇవి సూచనలు, స్పష్టీకరణలు మాత్రమే, చట్టాలు కావు. అమలు చేయని అధికారిని ప్రశ్నించేందుకు సామాన్యుడి చేతిలో బలమైన ఆధారం ఉండదు. భౌతికకాయం విషయంలోనూ బంధువులకే తొలి ప్రాధాన్యం. ఏళ్ల తరబడి పలకరించని బంధువు చివరి రోజున వచ్చి నిలబడితే, మందులిచ్చి కాపాడిన సహచరుడు పక్కకు తప్పుకోవలసిందే. ఇక నామినీ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమేనని, వారసత్వ హక్కు అతనికి సంక్రమించదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది.

అందువల్ల ఉన్న మార్గాలను ముందుగానే వినియోగించుకోవడం వివేకం. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసిన వీలునామా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, వివాదాలు తలెత్తినప్పుడు అది ఉపకరిస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం వయోజనులెవరైనా తమకు నచ్చిన వ్యక్తిని తెల్లకాగితంపై రాతపూర్వకంగా ప్రతినిధిగా నియమించుకోవచ్చు. అతడు బంధువే కానక్కరలేదు. అయితే ఆ అధికారం మానసిక చికిత్సకే పరిమితం. గుండెపోటుతో అత్యవసర విభాగంలో చేరినవారికి అది వర్తించదు. ఒక రకమైన వ్యాధికి అంగీకరించిన సూత్రాన్ని మిగిలిన వైద్యమంతటికీ విస్తరించడానికి కొత్త సిద్ధాంతమేదీ అవసరం లేదు.

న్యాయస్థానాల దృక్పథంలోనూ మార్పు కనిపిస్తోంది. కుటుంబం ఏర్పడటానికి వివాహం ఒక్కటే మార్గం కాదని, మనుషులు తామే ఎంచుకున్న కుటుంబం కూడా గుర్తింపునకు అర్హమని మద్రాసు హైకోర్టు 2025 మేలో పేర్కొంది. పొరుగు దేశాల్లో పరిస్థితి భిన్న రీతుల్లో ఉంది. నేపాల్‌లో చట్టరీత్యా ఒకే లింగానికి చెందినవారుగా నమోదైన జంట వివాహం 2023 నవంబరులో అధికారిక గుర్తింపు పొందింది. బంగ్లాదేశ్‌లో ‘రూప్‌బాన్’ పత్రిక స్థాపకుడు జుల్హజ్ మన్నాన్‌ను 2016 ఏప్రిల్‌లో హతమార్చారు. అక్కడ ముందుతరాన్ని బహిరంగంగా స్మరించుకోవడం కూడా సాహసమే.

స్మరణకు మన దేశంలో కొంత పునాది పడింది. సలీం కిద్వాయ్, రూత్ వనిత 2000లో వెలువరించిన సంకలనం భారతీయ సాహిత్యంలో స్వలింగ ప్రేమకు సుదీర్ఘ చరిత్ర ఉందని చూపింది. కిద్వాయ్ 2021లో కన్నుమూశారు. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్‌లో ఉన్న ఖమ్రా అభిలేఖాగారం ఉద్యమ పత్రాలను, స్మృతులను భద్రపరుస్తోంది. తెలుగులో ఇటువంటి ప్రయత్నం విస్తృతంగా జరగవలసి ఉంది. ఆ అనుభవాలున్న పెద్దలు జీవించి ఉండగానే వారి మాటలను నమోదు చేయాలి.

అయితే బతికున్న పెద్దలకు చేయదగిన గౌరవం జ్ఞాపకాల సేకరణతో పూర్తికాదు. వయోవృద్ధుల సంక్షేమాన్ని పర్యవేక్షించేది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ. 2024లో వెలువడిన చర్యలను ప్రజలకు తెలియజేసినదీ ఆ శాఖే. వృద్ధాశ్రమాల నిబంధనల్లో, 14567 నంబరుపై పనిచేసే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ సిబ్బంది శిక్షణలో ఈ అంశాన్ని చేర్చడం దానికి కష్టం కాదు. రోగి స్వయంగా ఎంచుకున్న వ్యక్తిని ఆస్పత్రులు గుర్తించేలా చట్టం తేవడం పార్లమెంటు చేతిలో ఉంది. ఈ నిబంధన గే పురుషులకే కాక అవివాహితులకు, వితంతువులకు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులకు సైతం ఉపయోగపడుతుంది. ఇతరులకు తోడు నిలిచిన తరం తనకు తోడు అవసరమైన వేళ అధికారుల దయ మీద ఆధారపడే స్థితి తొలగాలంటే, కమిటీ పరిశీలనలో ఉన్న ప్రయోజనాలు త్వరగా చట్టరూపం దాల్చాలి.