విత్తనం దాచుకునే మనం తల్లి చేపను ఎందుకు వదలం?

పై వీడియోలో మీనామృతం డ్రమ్ము దగ్గర ఒక మాట చెప్పి ఆపేశాను. "ఇందులోకి ఇక పిల్ల చేపలు వెయ్యను" అన్నాను కదా, ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది చేపలోళ్ల గొడవ, మనకెందుకు అనుకోకుండా చివరిదాకా చదవండి.

మాది ముత్తుకూరు. ఒకపక్క వరి మళ్లు, ఇంకోపక్క కృష్ణపట్నం రేవు, మధ్యలో కండలేరు ఉప్పుటేరు. ఆదివారం వస్తే చాలు, ఏటి గట్టున రాడ్లు, రీళ్లతో కుర్రోళ్లు నిలబడి ఉంటారు. నాకూ ఆ సరదా ఉంది. రెండేళ్ల క్రితం ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నా గాలానికి ఒక పెద్ద పండుగప్ప పడింది. ఫొటోలు దిగి ఇంటికి తెచ్చాను. కోస్తే కడుపు నిండా గుడ్లు. మా అమ్మ చూసి, "విత్తనాల మూట కోసుకొచ్చావు గదరా అబ్బయ్యా" అనింది. ఆ పూట పులుసు సయించలేదు.

పండుగప్ప సంగతి చాలామందికి తెలీదు. అది ముందు మగ చేపగా ఎదుగుతుంది. కొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడ చేపగా మారుతుంది. అంటే ఏట్లో ఉండే పెద్ద పండుగప్పలు చాలావరకు తల్లులే. పెద్దదాన్ని పట్టి మీసం మెలేసిన ప్రతిసారీ మనం తల్లిని తీసేస్తున్నాం. చిన్నదాన్ని పడితే రేపటి తల్లిని తీసేస్తున్నాం.

ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. అక్కడి క్వీన్స్‌ల్యాండ్‌లో ఏట్లో, సముద్రం ఒడ్డున సరదాగా గాలం వేసేవాళ్లకు లెక్క ఉంది. 58 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే వదిలెయ్యాలి, 120 దాటినా వదిలెయ్యాలి. ఒక మనిషి దగ్గర ఐదుకు మించి ఉండకూడదు. గుడ్లు పెట్టే కాలంలో అసలు పట్టకూడదు. చిన్నది ఎదగాలి, పెద్దది గుడ్లు పెట్టాలి, మధ్యది మన కూరకి. సూత్రం ఇంతే.

మన దేశంలోనూ దారి ఉంది. కేరళ ప్రభుత్వం సముద్రపు చేపలకు కనీస సైజులు పెట్టింది. కవ్వలు 10 సెంటీమీటర్లు, కనగర్తలు 14 సెంటీమీటర్లు ఉంటేనే పట్టాలి. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలు, ఇంజన్ పడవలు సముద్రం మీదికి పోకూడదు. మందుగుండు, విషం వేసి చేపలు పట్టడం 1897 చట్టం నాటి నుంచే నేరం. కానీ గాలంతో సరదాకి వచ్చేవాళ్లకు ఎంత సైజు, ఎన్ని చేపలు అని చెప్పే బోర్డు ఒక్కటీ మా గట్టు మీద లేదు. వేట మీదే బతికేవాళ్లు రెండు నెలలు పడవ ఒడ్డుకి లాగి కూర్చుంటే, కడుపు నిండినవాళ్లం మనం బుట్ట నింపుకొని పోతున్నాం. ఇది న్యాయమా?

"పొట్టకూటి కోసం పట్టేవాడికి కూడా రూలు పెడతావా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. అందుకే ముందు మనలాంటి సరదా వేటగాళ్లకి పెట్టమంటున్నాను. మనం ఒక చేప వదిలితే ఇంట్లో పొయ్యి ఆరిపోదు. కట్టుబాట్లు ఈ తీరానికి కొత్త కూడా కాదు. పట్టపుపాలేల్లో కాపులు దురాయి పెట్టారంటే దాటేవాడు ఉండడు. ఏ చేపకి ఎంత సైజు అన్నది చెప్పడానికి ముత్తుకూరులోనే మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. వాళ్లు, మత్స్యశాఖ, పాలెం పెద్దలు కలిసి కూర్చుంటే మన ఏటికి సరిపోయే కొలత తేలుతుంది.

అప్పటిదాకా నా లెక్క నేను పెట్టుకున్నాను. పండుగప్ప మూరకి తగ్గితే వదిలేస్తాను. రెండు మూరల దగ్గరికొస్తే దండం పెట్టి వదిలేస్తాను. మధ్యవాటిలో రోజుకి రెండే. వదిలే చేపని తడి చేత్తో పట్టుకోండి, మొప్పల్లో వేలు పెట్టొద్దు, ఫొటో కోసం ఎండలో ఆరబెట్టొద్దు.

ఇక మన డ్రమ్ము సంగతి. ఒకప్పుడు చవగ్గా వస్తున్నాయని వల అడుగున మిగిలిన పిల్ల చేపలే కొని, వాటికి సమానంగా బెల్లం వేసి మీనామృతం చేసి అమ్మాను. తప్పు నాదే. ఇప్పుడు చేపలు కోసే దుకాణాల నుంచి తలలు, పేగులు, మొప్పలు తెచ్చుకుంటున్నాను. నా వరిలో, కూరగాయల్లో తేడా ఏమీ కనిపించలేదు. ఖర్చు కూడా తగ్గింది.

కోతకు ముందే మంచి కంకులు ఏరి విత్తనానికి దాచుకునే జాతి మనది. మడిలో పాటించే నీతి ఏటి గట్టున మర్చిపోతే ప్రకృతి వ్యవసాయం అన్న పేరు మనకెందుకండీ? మీ ఊరి చెరువులో, కాలువలో ఇలాంటి కట్టుబాటు ఏదైనా ఉంటే కింద రాయండి. వచ్చి వీడియో తీస్తాను.