ప్రీమియం కట్టాం, మరి చికిత్సో?

మా వెనక వాటాలో ఉండే అమ్మాయి ఓ మధ్యాహ్నం పాలసీ కాగితాలు పట్టుకొచ్చింది. "అక్కా, నువ్వు కథలు రాస్తావుగా, ఈ ఇంగ్లీషు కాస్త చదివిపెట్టవా?" అంది. కథలకీ పాలసీకీ ఏం సంబంధమో గానీ, కళ్లజోడు పెట్టుకుని కూచున్నాను.

రెండేళ్ల కిందట ఆమె భర్త లాల్‌బజార్ దగ్గర స్కూటరు మీంచి పడ్డాడు. నడుం నొప్పికి డాక్టరు పదిరోజులకని రాసిన ట్రమడాల్ మాత్రలు ఆయన ఆపలేదు. పాత చీటీ చూపించి కొంటూనే పోయాడు. ట్రమడాల్ నల్లమందు కోవకి చెందినదే. 2018లో కేంద్రం దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది కూడా. మానేద్దామంటే చెమటలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, కంటిమీద కునుకుండదు. చివరికి ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చింది. బిల్లు చేతికొచ్చాక, ఏటా ఠంచనుగా ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ కుదరదంది. గాజులు తాకట్టుకెళ్లాయి.

వెతగ్గా వెతగ్గా దొరికింది ఆ వాక్యం. మద్యం, మత్తుమందులు, ఏ వ్యసనానికైనా సరే, చికిత్సకీ దాని పర్యవసానాలకీ డబ్బు ఇవ్వబడదట! బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన మినహాయింపుల్లో ఇదొకటి. ఆ సంస్థ ఎక్కడో లేదు, మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూస్తేనేమో, మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక రుగ్మతలేనంటుంది. శరీరానికొచ్చే జబ్బులకి బీమా ఎలా ఇస్తారో వీటికీ అలాగే ఇవ్వాలని 21వ సెక్షన్లో రాసుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది వ్యవహారం.

కావాలని తెచ్చుకున్న రోగానికి బీమా ఏమిటని మా ఇంట్లోనే వాదించారు. మరి పెట్టెలకి పెట్టెలు సిగరెట్లు కాల్చినాయనకి స్టెంటు వేస్తే డబ్బిస్తున్నారుగా? ఈ అబ్బాయి డాక్టరు రాసిన మాత్రతోనే కదా మొదలుపెట్టింది!

ఇంకో తిరకాసుంది. ఈ వైద్యం వారం రోజులు మంచమెక్కి దిగితే అయ్యేది కాదు. బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడాలి. మధ్యలో ఆపి మళ్లీ పాత మోతాదు మింగితే ప్రాణానికే ముప్పు. మామూలు పాలసీలేమో ఆస్పత్రిలో పడుకుంటేనే చెల్లిస్తాయి, ఓపీ ఖర్చు మనదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. సంతోషమే. గొడుగు ధర తగ్గింది గానీ చిల్లు అలాగే ఉంది.

ఆస్పత్రి కౌంటర్లో ఓ మహానుభావుడు, "కడుపునొప్పని రాయించుకోండమ్మా" అని సలహా ఇచ్చాడట. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా తప్పుపట్టేదాన్ని కాదేమో. కానీ ఆ అబద్ధం బయటపడితే పాలసీ మొత్తమే పోతుంది.

ఇప్పుడు రెండు బస్సులు మారి ఎర్రగడ్డ ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్తోంది. ఎర్రగడ్డ అన్నమాట మనకో తిట్టు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క జనం పరుగెత్తింది అక్కడికేనని మాత్రం మర్చిపోయాం. అత్తగారికేమో "నడుంనొప్పికి" అని చెప్పి బయల్దేరుతోంది. ఎవరికీ చెప్పుకోలేనివాళ్లకి 14416 టెలీమానస్ నంబరుంది, రాత్రిపూట కూడా పలుకుతారు, డబ్బు తీసుకోరు.

మొన్న మళ్లీ వచ్చింది. పాలసీ గడువు దగ్గరపడిందట. "కట్టనా, మాననా అక్కా?" అంది. కట్టమనే చెప్పాను. పిల్లలకి డెంగ్యూ వస్తే ఆదుకుంటుంది కదా.