కడుపులో బిడ్డకీ, షుగరు టెస్టుకీ ఆరో నెల ముహూర్తమేంటి?

ప్రొడక్షన్‌లో బగ్ బయటపడితే "టెస్టింగ్‌లో ఏం చేశారు?" అని టీము మొత్తాన్నీ కడిగేసే మనం, ఇంట్లో ఆవిడ కడుపుతో ఉంటే మాత్రం "షుగరు టెస్టు ఆరో నెలలో చేస్తార్లే" అని ఊరుకుంటాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

24-28 వారాల మధ్య చేసే పరీక్ష ఉండాల్సిందే. కానీ మొదటి పరీక్షే అదవడమేంటి? మన కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది: గర్భిణి మొదటిసారి చూపించుకోడానికి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల్లో ఇంకోసారి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగిస్తారు, రెండు గంటలాగి రక్తం చూస్తారు. 140 గానీ ఆపైన గానీ ఉంటే షుగరున్నట్టే. పరగడుపున రావాలన్న నియమం కూడా లేదు. అంటే పల్లెటూరి పీహెచ్‌సీకి వెళ్ళే కూలీ మనిషికి కాగితం మీదైనా రాసిపెట్టిన పరీక్షని, ఇన్సూరెన్సు కార్డు జేబులో పెట్టుకుని తిరిగే మనం నోరు తెరిచి అడగం!

"ముందే వైద్యం మొదలెడితే ఒరిగేదేంటి?" అంటారు కొందరు. సరే, అంకెలే చూద్దాం. టోబోగమ్ అనే అధ్యయనం 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, స్వీడన్, ఇండియాల్లో రిస్కున్న 802 మంది గర్భిణులు. 20 వారాల్లోపే వైద్యం మొదలెట్టిన వాళ్ళలో నూటికి 24.9 మంది బిడ్డలకి సమస్యలొచ్చాయి (నెలలు నిండకుండా పుట్టడం, ఊపిరి ఇబ్బంది వగైరా). ఆగిన వాళ్ళలో 30.5. కొండంత తేడా కాదు, ఒప్పుకుంటా. తల్లుల బీపీలో తేడా ఏమీ లేదు. పైగా ఆగిన వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి తర్వాతి పరీక్షలో షుగరే కనపళ్ళేదు. అంచు మీదున్న వాళ్ళకి వైద్యం చేస్తే బిడ్డ చిన్నగా పుట్టిన సందర్భాలు కూడా ఎక్కువే. అందుకే ఎవరికి ఎంత వైద్యమో డాక్టరు తేల్చాలంటున్నా. తేల్చడానికి ముందు చేతిలో నంబరుండాలి కదండీ!

వైద్యమనగానే సూదులనుకుని హడలిపోవద్దు. ముందు తిండి మార్పు, నడక. రెండు వారాల్లో లొంగకపోతే అప్పుడు మెట్‌ఫార్మినో, ఇన్సులినో.

అసలు చిక్కు "ఇద్దరి కోసం తినాలమ్మా" అంటూ సున్నుండల డబ్బాతో దిగే పెద్దవాళ్ళతో. వాళ్ళకి సర్దిచెప్పే పని కోడలి నెత్తిన పెట్టకండి మగానుభావులారా, మీ అమ్మగారితో మీరే మాట్లాడండి.