కారు గరుకైతే తప్పెవరిది?

మొన్న ఆదివారం పొద్దున్నే మావారు సెల్లార్‌లోంచి పైకొచ్చి, "ఈ నెల ఆ అబ్బాయికి ఒక 200 తగ్గించి ఇవ్వు" అన్నారు. రోజూ మా కారు తుడిచే అబ్బాయి సంగతి. ఇచ్చేదే 600! కారు మీద చెయ్యి వేస్తే గరగరలాడుతోందట, వాడు సరిగ్గా తుడవట్లేదట.

కిందకెళ్ళి చూశాను. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద రాస్తే బాగా తెలుస్తుందన్నాడు మావాడు. నిజమే, బొంబాయి రవ్వ మీద చెయ్యి పెట్టినట్టుంది. పక్కనే నిలబడి షాంపూతో శుభ్రంగా కడిగించాను. తళతళలాడింది, గరుకు మాత్రం అలాగే ఉంది.

"ఏమండీ, మాడిన పాలగిన్నె బట్టతో తుడిస్తే పోతుందా?" అన్నాను.

ఈ కారు రాత్రి సెల్లార్‌లో ఉన్నా, పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆరుబయట నిలబడుతుంది. కోకాపేట, నార్సింగి, ఎటు చూసినా క్రేన్లే కదా. ఆ దుమ్ము, చెట్ల జిగురు, బ్రేకుల నుంచి రాలే సన్నటి ఇనుప రజను పెయింటుని అంటిపెట్టుకుంటాయి. తెల్ల కారైతే ఆ ఇనుము తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలు కూడా కనిపిస్తాయి. రోజూ తుడిచినా అవి కదలవు.

వాటికోసమే క్లే బార్ అని దొరుకుతుంది. పేరుకే మట్టి, చూస్తే చపాతీ పిండి ముద్దలా సాగుతుంది. కారు కడిగాక, నీడలో, షాంపూ నీళ్ళు బాగా చల్లుకుంటూ, ముద్దని అరచేతి వెడల్పున నొక్కి మెల్లగా జార్చాలి. బలం పెట్టకూడదు. మురికి పట్టగానే మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. ఒక్క డోరు అయ్యేసరికి మా ముద్ద ఎంత నల్లబడిందో! మావాడు సగం ముక్క కింద పడేసి, కడిగి మళ్ళీ వాడబోయాడు. లాక్కుని చెత్తబుట్టలో వేశాను. అందులో ఒక్క ఇసుక రేణువున్నా కారంతా గీతలే. అయ్యాక వాక్స్ పెట్టాలి, ఎందుకంటే పాత వాక్స్ కూడా దీంతో పోతుంది. అలాగని నెలనెలా చెయ్యొద్దు. ఇదీ రాపిడే, ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.

ఎండలో కనపడే సన్నటి గుండ్రటి గీతలు మాత్రం తుడిచే బట్ట వల్లే, కాదనను. కానీ పది కార్లకి ఒక బకెట్టు నీళ్ళు, ఒక పాత బనియను గుడ్డతో సరిపెట్టుకొమ్మంటున్నది ఎవరు? మన అపార్ట్‌మెంట్లలో ఆ పిల్లలకి జీతం కోసే ముందు రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిపెడితే మన సొమ్మేం పోతుంది?

మావారు కాసేపు గొణిగి 600 ఇచ్చారు. వెనక డోరు కింద ఇంకా గరుకుగానే ఉంది. అక్కడికొచ్చేసరికి నా వేళ్ళు పట్టేశాయి.