దవాఖాన దూరమున్నోళ్లు పడకుండ ఉండాలె



"ముసలామె జారిపడ్డదట." ఊర్లె ఈ మాట వినంగనే మనం ఏమంటం? "పాపం, వయసు మీద పడ్డది గదా" అంటం. అంతే, అక్కడితో అయిపోతది. మలేరియా వస్తే పీహెచ్‌సీని నిలదీస్తం. కరెంటు తీగ తగిలి మనిషి పోతే ధర్నా చేస్తం. కానీ ఒక అవ్వ బాత్రూం కాడ జారిపడి, తుంటి విరిగి, మంచం పట్టి, మూడు నెలలకు ప్రాణం వదిలితే ఎవరినీ ఏమీ అడగం. "ముసలితనంతోని పోయింది" అని దినాలు చేసి ఊరుకుంటం.

ఆమె పోయింది ముసలితనంతోని కాదు, పడటంతోని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6 లక్షల 84 వేల మంది కిందపడి చనిపోతున్నరు. ప్రమాదవశాత్తు గాయాలతో జరిగే చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో స్థానం దీనిదే. ఈ చావుల్లో 80 శాతానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే. అందరికంటే ఎక్కువ ప్రాణాలు పోయేది 60 ఏళ్లు దాటినోళ్లవే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దవాఖాన దగ్గరున్నోళ్లకు పడకుండ చూసుకోవడం ఒక జాగ్రత్త. దవాఖాన దూరమున్న మనకు అదే అన్నిటికంటే పెద్ద వైద్యం. దాన్ని ఇంటి పని అని వదిలేయకుండ ఉద్యమం పనిగా తీసుకోవాలె.

పడటం ఒక్కటే, దూరం వేరు

వరంగల్ మట్టెవాడలో కిరాయి రూముల్లో ఉండి చదువుకున్న మన ఏజెన్సీ పిల్లలకు ఒక ఫోన్ బాగా తెలుసు. "అవ్వ పడ్డది, ఎంజీఎంకు తీసుకొస్తున్నం, నువ్వు గేటు కాడికి రా." ఎంజీఎం ఆసుపత్రి ఆ దగ్గర్లనే. చదువుకున్న పిల్లగాడు ఒకడు పక్కన ఉంటే చీటీ రాయించడం, ఎక్స్‌రే గది వెతకడం అలుకైతదని ఊరోళ్ల ఆశ.

మట్టెవాడలో కూడా ముసలోళ్లు పడతరు. ఇరుకు సందులు, నున్నటి టైల్స్, నిట్టనిలువు మెట్లు అక్కడా ఉన్నయ్. కానీ అక్కడ పడ్డ అవ్వను ఆటోలో ఎక్కిస్తే కాసేపట్లో దవాఖానలో ఉంటది. తాడ్వాయి, ఏటూరునాగారం, కొత్తగూడ, గంగారం మండలాల లోపలి గూడేల సంగతి వేరు. మంచం మీద వాగు దాటించాలె, రోడ్డు మీదికి తేవాలె, బండి కోసం చూడాలె. ఆ తర్వాత వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణం. వానకాలమైతే అదీ ఉండదు. 2023 జులైలో జంపన్నవాగు పొంగి కొండాయి ఊరు మునిగినప్పుడు మనుషుల ప్రాణాలే పోయినయ్. అట్లాంటి రోజుల్లో తుంటి విరిగిన తాతను ఎవరు మోస్తరు, ఎటు మోస్తరు?

తుంటి ఎముక విరిగితే ఒకటి రెండు రోజుల్లోపల ఆపరేషన్ కావాలని డాక్టర్లు చెప్తరు. ఆలస్యమైన కొద్దీ ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతది, వీపు మీద పుండ్లు పడతయ్, కాళ్లల్ల రక్తం గడ్డకడతది. వైద్యం బాగా అందే దేశాల్లోనే తుంటి విరిగిన ముసలోళ్లలో ఐదుగురిలో ఒకరు ఏడాది తిరగకుండ పోతున్నరు. మన గూడేల్లో లెక్క రాసేవాడే లేడు.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. ఆపరేషన్‌కు పైసలు పడకపోవచ్చు. కానీ బండి కిరాయి, పక్కన ఉండేవాళ్ల తిండి, నెల రోజుల కూలి ఏ కార్డు మీదా రావు. ఒక మేక అమ్ముడుపోతది, మిర్చి ఏరే సీజన్ పోతది, ఒక ఆడపిల్ల బడి మానేసి నాయనమ్మ దగ్గర కూర్చుంటది.

"పోడు పట్టాలే రాలేదు, ఇదొక సమస్యా?"

మన మీటింగుల్లో ఈ మాట అంటే కొందరు అన్నలు నవ్వుతరు. పోడు భూముల లొల్లి ఉంది, ఎల్టీఆర్ కేసులు ఉన్నయ్, ముసలోళ్లు జారిపడేది కూడా ఎజెండానా అంటరు. వాళ్లకు నా జవాబు చట్టంలోనే ఉంది.

2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాలు ఒకసారి తీసి చూడండి. 13వ నియమంలో సాక్ష్యాల జాబితా ఉంటది. అందులో ఒకటి, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం. అంటే "ఈ చెలక వీళ్ల తాత కొట్టిందే, ఆ బావి వీళ్లు తవ్విందే" అని మన ముసలాయన చెప్పిన మాట కాగితం మీదికి వస్తే అది సాక్ష్యం. 2005 డిసెంబర్ 13కు ముందు భూమి ఎవరి చేతుల్లో ఉందో కళ్లతో చూసినోళ్లు ఎవరు? ఊరి పొలిమేర ఏ గుట్ట కాడ ఆగుతదో, ఏ చెట్టు కింద వేల్పు ఉందో తెలిసినోళ్లు ఎవరు? 2023 జూన్‌లో పట్టాలు పంచిన తర్వాత కూడా మిగిలిపోయిన కుటుంబాలు మన ఊర్లలో ఉన్నయ్. వాళ్ల అప్పీలుకు రేపు నోరు విప్పాల్సింది ఈ పెద్దలే.

ఒక తాత మంచం పడితే ఆ ఇంటికే నష్టం కాదు, ఊరి దస్తావేజు చినిగినట్టు. వేల్పుల కథ చెప్పే వడ్డె, మందు చెట్టు గుర్తుపట్టే అవ్వ, కోయ భాష తప్పులేకుండ మాట్లాడే చివరి తరం వీళ్లే. వాళ్లను కాళ్ల మీద నిలబెట్టుకోవడం జల్, జంగల్, జమీన్ పోరాటంలో భాగమే.

ఎందుకు పడుతున్నరు

"వయసు" అన్న ఒక్క మాటతో మనం అన్నిటినీ కప్పేస్తున్నం. విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికీ మందు ఉంది.

మొదటిది చూపు. కంట్లో శుక్లం వస్తే కడప ఎక్కడుందో, వాకిట్ల తడి ఎక్కడుందో కనబడదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, 2023లో రెండో విడత వచ్చినప్పుడు మన ఊర్లకు అద్దాలు వచ్చినయ్. అద్దాలు దగ్గరి చూపుకు పనికొస్తయ్ గానీ శుక్లానికి ఆపరేషనే కావాలె. "ఈ వయసుల నాకెందుకు బిడ్డా" అని ఆగిపోయిన అవ్వలు ప్రతి ఊర్లె ఉన్నరు.

రెండోది మరుగుదొడ్డి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనంక 12 వేల రూపాయలతో కట్టిన దొడ్లను గుర్తు తెచ్చుకోండి. ఇంటికి దూరంగా, వాకిలి చివర్ల, ఎత్తు మెట్టు మీద, పట్టుకోవడానికి ఏమీ లేకుండ కట్టినవే చాలా. మోకాళ్లు వంగని మనిషి గొంతుకు కూర్చుంటే లేవలేదు. రాత్రిపూట చీకట్ల అక్కడిదాకా నడవాలె. కట్టేటప్పుడు ముసలోళ్లు గుర్తుకు రాలేదన్నమాట.

మూడోది కాళ్ల బలం. పింఛన్ బియ్యం, పచ్చిపులుసుతో పొద్దు గడిపే మనిషికి కండ ఎట్ల నిలుస్తది? జొన్న, సామ, పప్పు, గుడ్డు, అడవి ఆకుకూరలు ముసలోళ్ల కంచంలోంచి తగ్గిపోయినయ్. దానికి తోడు "నువ్వు కూర్చోవే అవ్వా" అని మనమే వాళ్లను మంచానికి అప్పజెప్తున్నం. నడక ఆగితే కండ కరుగుతది, కండ కరిగితే నిలకడ పోతది.

నాలుగోది గోలీలు. బీపీ గోలీ, నిద్ర గోలీ వేసుకునేవాళ్లకు మంచం మీదినుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతయ్. గోలీ సొంతంగా ఆపొద్దు. కానీ కళ్లు తిరుగుతున్నయని ఏఎన్ఎంకు, డాక్టర్‌కు చెప్పాలె. సారా తాగిన రాత్రి ఈ ప్రమాదం రెట్టింపు. ఈ మాట మనలో మనం చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దు.

ఐదోది ఒంటరితనం. మిర్చి ఏరుడు మొదలైతే ఇంటిల్లిపాదీ పోతరు, ముసలోళ్లు మిగులుతరు. పడ్డ మనిషి పొద్దున్నుంచి మాపటిదాకా నేల మీదనే ఉంటే, ఎముక విరగకున్నా ప్రాణం మీదికి వస్తది.

ఈ నెల మనం చేయగలిగినవి

వీటికి జీవో అక్కర్లేదు, యూత్ తలుచుకుంటే చాలు.

1. బొంగు కట్టండి. ఇంటి గుమ్మం నుంచి మరుగుదొడ్డి దాకా నడుం ఎత్తులో గట్టి వెదురు బొంగు కట్టండి. దొడ్డి లోపల కూర్చున్నచోట పట్టుకుని లేచేటట్టు ఇంకొకటి. వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి అని అటవీ హక్కుల చట్టమే రాసింది. అవ్వ చేతికి ఆసరా కోసం తెచ్చే బొంగును ఎవరైనా ఆపితే ఆ చట్టం చూపించండి.

2. మంచం బిగించండి. నులక జారిన మంచంలోంచి లేవడమే ఒక గండం. నులక బిగదీయండి. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలె.

3. పాచి గీకండి. వానకాలంలో అరుగు మెట్టు, బోరింగ్ గద్దె, బట్టలు ఉతికే బండ దగ్గర పాచి గీకి ఇసుక చల్లండి. అలుకు చల్లినంక ఆరేదాకా ముసలోళ్లను అటు పోనీయొద్దు.

4. కర్ర సరిచేయండి. చేతికర్ర కింద రబ్బరు బుష్ వేయండి, దొరకకపోతే పాత సైకిల్ ట్యూబ్ గట్టిగా చుట్టి కట్టండి. అరిగిన హవాయి చెప్పులు పారేసి, వెనుక పట్టీ ఉన్నవి కొనివ్వండి.

5. తలకాడ వెలుగు. ఒక చార్జింగ్ లైటు చేతికి అందేటట్టు పెట్టండి. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, తర్వాత నిలబడమని చెప్పండి.

6. రోజూ కాళ్లకు పని. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు ముసలోళ్లకు ఇంటి దగ్గరే కాళ్ల బలం, నిలకడ పెంచే కసరత్తులు నేర్పితే పడటం దాదాపు మూడో వంతు తగ్గింది. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు లేపడం, సాయంత్రం వీధిలో ఒక చుట్టు. పండుగ నాడు రేల ఆటలో అవ్వలను పక్కన కూర్చోబెట్టకండి. చేయి చేయి పట్టుకుని అడుగు కలిపే ఆ ఆట నిలకడకు మంచి కసరత్తు.

7. రెండు పూటల పలకరింపు. ఇంటోళ్లు పనికి పోయిన రోజుల్లో పక్కింటి పిల్లలు పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పలకరించాలె. ఎవరు ఏ ఇంటికో ఊర్లె పంచుకోండి.

ఒకవేళ పడితే

చేతులు పట్టి గుంజి లేపకండి. కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు ఉంటే, నిలబడలేకపోతే తుంటి విరిగిందనే అనుకోండి. నూనె పెట్టి తోమొద్దు. మన దగ్గర కట్టు కట్టే పెద్దలు ఉన్నరు, వాళ్ల చేతి పని మీద నాకు గౌరవం ఉంది. కానీ తుంటికి బయటి కట్టు నిలవదు, ఆ మాట ఆ పెద్దలకే ఊర్లె అందరి ముందు చెప్పించండి. రెండు కాళ్లను మెత్తటి గుడ్డతో కలిపి కట్టి, కదలకుండ మంచం మీదనో చెక్క మీదనో మోసి, 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలితే మాట్లాడుతున్నా సరే దవాఖానకు తీసుకపోవాలె.

సర్కారును అడగాల్సినవి

బొంగు మనం కడతం. అట్లని సర్కారు బాధ్యత తీరిపోదు.

2024 మార్చిలో భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది, ఇంటికి 5 లక్షలు. ముసలోళ్లున్న ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి ఇంటికి ఆనుకునే ఉండాలె, లోపల పట్టుకునే కడ్డీ, లైటు ఉండాలె. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులను ఆమోదించేది గ్రామసభే. ఈ మాట తీర్మానంలో రాయించండి.

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్లు దాటిన పేదలకు చేతికర్ర, వాకర్, కళ్లద్దాలు ఉచితం. ఆ క్యాంపులు జిల్లా కేంద్రంలో కాదు, ఏజెన్సీ మండలాల్లో పెట్టాలె. నడవలేని మనిషిని వాకర్ కోసం అరవై కిలోమీటర్లు రమ్మనడం ఏం న్యాయం?

శుక్లాల ఆపరేషన్‌కు తీసుకపోయే, తీసుకొచ్చే బండిని ఐటీడీఏ పెట్టాలె. ఏజెన్సీ ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్, పనిచేసే ఎక్స్‌రే ఉండాలె. 2019 నుంచి 2,016 రూపాయలున్న వృద్ధాప్య పింఛన్‌ను 4 వేలు చేస్తమని 2023 ఎన్నికల్లో చెప్పిన మాట నిలబెట్టుకోవాలె, ఎందుకంటే కంచంలో పప్పు, గుడ్డు పడేది ఆ పైసలతోనే.

మిత్రులారా, లైక్ కొట్టి పక్కకు జరిగే వ్యాసం కాదిది. వచ్చే ఆదివారం మీ గూడెంలో ఐదుగురు కలవండి. 60 దాటినోళ్లున్న ఇండ్లన్నీ తిరగండి. కడప, మెట్టు, మంచం, దొడ్డి, వెలుగు, చూపు, గోలీలు ఒక నోటుబుక్కులో రాయండి. ఏడాదిల ఎవరు ఎక్కడ పడ్డరో కూడా రాయండి. ఆ నోటుబుక్కు గ్రామసభలో పెడితే అది అర్జీ అయితది, ఐటీడీఏ ముందు పెడితే సాక్ష్యం అయితది. మన లెక్క మనం రాసుకోకపోతే మన అవ్వలు ఎప్పటికీ "ముసలితనంతోని" పోతూనే ఉంటరు.

జై ఆదివాసీ. మన ఊర్లె మన రాజ్యం.