పదిహేడు గంటలేనా? ఎవరి లెక్కలో?

నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాను. అక్షరం తప్పు పోతే దిద్దండి, విషయం మాత్రం పూర్తిగా చదవండి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే మాట. "శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా వస్తే పదిహేడు గంటలే. విశాఖ వెళ్ళే రైలు కూడా ఇరవై గంటలు తీసుకుంటుంది. పెద్దవాళ్ళని పిలిపించుకోడానికి భయమెందుకు?" అని. ఆ "లే" తోనే నా తగాదా.

ముందు లెక్క సరిచూద్దాం. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా విమానం వేసింది. దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. మొదటి విమానాన్ని ఆడ పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకొచ్చారు. గర్వపడాల్సిందే. టైముల ప్రకారం 9వ తేదీ రాత్రి 8:30కి బయలుదేరి, 11వ తేదీ తెల్లవారుజామున 3:45కి దిగాలి. ఊరికే తీసివేస్తే 31 గంటల 15 నిమిషాలు. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే 13:30 గంటలు వెనక. అది తీసేస్తే 17:45. అంటే పద్దెనిమిదికి పావుగంట తక్కువ. రైల్వేలో మేము పావుగంటను మింగేసేవాళ్ళం కాదు.

ఇదీ గాల్లో ఉన్న టైము మాత్రమే. కూతురి ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి ఒక గంట, మూడు గంటల ముందు రిపోర్టింగు, ఇక్కడ ఇమిగ్రేషను, సామాన్లకి గంటన్నర, దేవనహళ్ళి నుంచి ఇంటికి ఇంకో గంటన్నర. కూడండి. 24:45. ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా!

విశాఖ రైలుతో పోలికా? రైల్లో లోయర్ బెర్తు మీద కాళ్ళు చాపుకుని పడుకుంటాం. విజయవాడలో దిగి నాలుగడుగులు వేస్తాం. ఒంట్లో బాగాలేకపోతే వచ్చే స్టేషన్లో దిగిపోతాం. ధ్రువం మీద ఏ స్టేషన్ ఉంది?

మా ఆవిడ అంత దూరం కూర్చుని దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ముందే అడిగిన వీల్‌చెయిర్ గంట దాకా రాలేదు. ఏ కంపెనీ అని అడక్కండి, తిట్టడానికి రాయలేదు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. పెద్దవాళ్ళు టికెట్ కొనకముందే డాక్టర్ని అడగాలి. నడవా పక్క సీటు తీసుకోవాలి, మధ్యమధ్య లేచి నడవాలి. ఓపిక లేనివాళ్ళు మధ్యలో ఒక ఊళ్ళో రాత్రి ఆగి వెళ్ళడం నామోషీ కాదు.

పిల్లలకు ఒక్క మాట. నిజంగా పదిహేడు గంటలే అయితే, మోకాళ్ళు బాగున్న మీరే రావచ్చు కదా నాయనా? దూరం తక్కువైతే రెండు వైపులా తక్కువే.

ఇట్లు,
మీ తోటి సభ్యుడు