ఊరి ఠాణాదారు ఎవరివాడు?

2025 అక్టోబరు 24వ తేది తెల్లవారకముందు, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచున్న ప్రైవేటు బస్సొకటి, కర్నూలు జిల్లా కల్లూరు మండలమునందలి చిన్నటేకూరు సమీపమున, 44వ జాతీయ రహదారిపై అంతకుముందే ప్రమాదమునకు గురియై పడియున్న మోటారుసైకిలు మీదుగా పోయి, దాని నీడ్చుకొనిపోయెను. మంటలు లేచి కొన్ని నిమిషములలో బస్సు దగ్ధమయ్యెను. 19 మంది ప్రయాణికులు ఆ మంటలలోనే ప్రాణములు విడిచిరి. మోటారుసైకిలు నడిపిన యువకుడును మరణించెను. బస్సుల తలుపులను గూర్చియు, అనుమతి పత్రములను గూర్చియు దేశమంతటను చర్చ జరిగినది, జరుగవలసినదే. ఇచ్చట మేము చెప్పదలచినది వేఱొక సంగతి.

మంట లారిన పిమ్మట మిగిలిన పని యెవరిది? గుర్తుపట్టరాని దేహములలో ఏది యెవరి బిడ్డయో తేల్చుటకు బంధువులవద్ద నమూనాలు తీసి డీఎన్ఏ పరీక్షలు జరుపవలసివచ్చెను. ఇట్టి సమయమున పంచనామా వ్రాయవలెను. దూరదేశమునుండి ఏడ్చుచు వచ్చిన తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, వారి నోట పేరును ఊరును రాబట్టవలెను. ఫలితము వచ్చువరకు వారి ప్రశ్నలకు ఓర్పుతో బదులు చెప్పవలెను. ఈ పనులు పెద్ద యుద్యోగులు చేయునవి కావు. అవి సబినస్పెక్టరును, హెడ్డుకానిస్టేబులును, రాత్రియంతయు నిద్రలేని కానిస్టేబులును చేయు పనులు. దుర్ఘటన జరిగిననాడు మనకు వా రగపడుదురు, మఱునాడు మఱతుము.

కల్లూరు ఒకప్పుడు కర్నూలు చెంతనున్న పల్లె. నేడది పట్టణములో కలిసి కార్పొరేషనులో భాగమైనది. మండలములోని పల్లెలు మాత్ర మింకను మెట్టపొలములను, బోరుబావులను నమ్ముకొనియే బ్రదుకుచున్నవి. నడుమ రహదారి. ఇట్టిచోట ఠాణాదారునకు పట్టణపు దొంగతనమును, పల్లెలోని గట్టుతగాదాయు, రహదారిమీది చావును ఒక్కదినమే యెదురగుచుండును. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచినప్పుడు నీటినడుమ చిక్కినవారిని తలచుకొనుడు. ఏ గేరి పల్లమో, ఏ యింట నడువలేని ముసలమ్మ యున్నదో ముందుగా తెలిసినవాని సాయమునకును, ఆ నెలలోనే క్రొత్తగా వచ్చి వీథిపేరు సైతము ఎఱుగనివాని సాయమునకును గల భేద మాటలతో చెప్పనక్కఱలేదు.

ఈ యెఱుక మన సీమకు క్రొత్తది కాదు. పూర్వము గ్రామమునకు తలారి యుండెడివాడు. పాలెగాండ్ర కాలమున కావలి యేర్పాటుండెడిది. కావలి రుసుము పుచ్చుకొన్నవాడు, తన యెల్లలో దొంగతనము జరిగినచో, సొమ్మునైనను పట్టి తేవలెను, నష్టమునైనను తాను పూడ్చవలెను. 1800లో నిజాము వదలుకొనిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చిన తామసు మన్రో కెదురుపడినవారిలో ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి; కావలి రుసుము వారి పలుకుబడికి ఆధారములలో నొకటి. ఆ కాలమును బంగారుకాలమని మేము పొగడబోము. కాపరియే దోపిడికాడైన సందర్భములు కొల్లలు. తలారి యో, చాలీచాలని మాన్యముతో పెద్దరైతు గుమ్మమున నిలుచుండిన బీదవాడు. అయినను ఒక్క న్యాయము దానిలో కలదు: కాపాడవలసినవాడు ఆ యూరివారి కందఱికిని ఎదుట నిలిచి జవాబు చెప్పవలసియుండెను.

కుంఫిణీవారి దొరతనమున ఈ కట్టు తెగెను. శిస్తు వసూలు చేయు తాసీల్దారే పోలీసధికారియు నయ్యెను. దాని ఫలమేమో 1855లో వెలువడిన మద్రాసు చిత్రహింసల విచారణసంఘపు నివేదికయే చెప్పినది: శిస్తుకొఱకును, నేరము నొప్పించుటకొఱకును, రైతులను హింసించుట రాజధాని యంతటను ఆచారమై యుండెను. పిమ్మట 1859లో 24వ చట్టము చేసి పోలీసును రెవిన్యూనుండి వేఱుపఱచిరి. విలియం రాబిన్‌సన్ మొదటి ఇన్‌స్పెక్టరు జనరలు. వేఱుపఱచుట మంచిదే, కాని యా క్రొత్త పోలీసు ప్రజలకు జవాబుదారి కాలేదు, పైవారికి మాత్రమే జవాబుదారి యయ్యెను. దొరలు పోయిరి. ఆ గుణము పోయినదా?

సమీపకాలమున కడప జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా పనిచేసి, ముఠాకక్షలను, నాటుబాంబులను అదుపు చేయుటకు పూనుకొనిన చదలవాడ ఉమేశ్‌చంద్రను మన ప్రాంతమువా రింకను తలచుచున్నారు. 1999 సెప్టెంబరు 4వ తేదిన హైదరాబాదులో సంజీవరెడ్డినగరు కూడలివద్ద పీపుల్సువారు నక్సలైట్లు ఆయనను కాల్చి చంపిరి. ఆయన అంగరక్షకుడును, కారు నడుపువాడును హతులైరి. ఆ కూడలియందే ఆయన విగ్రహ మున్నది. ఆ కాలపు ఎన్‌కౌంటర్లను గూర్చి పౌరహక్కుల సంఘములవారు తీవ్రముగా ఆక్షేపించిరనుటయు సత్యమే. ఆ వాదమును దాచుట మాకు సమ్మతము కాదు. కాని కడపజనులు ఆయన నేల తలచుచున్నారని యోచింపుడు. పెద్దయింటివాడైనను పేదయింటివాడైనను ఠాణాలో ఒక్కటేయను నమ్మక మొకప్పుడు తమకు కలిగెనని వారు భావించుటయే దానికి కారణము. చనిపోయిన యధికారికి విగ్రహము కట్టుట కష్టము కాదు. బ్రదికి పనిచేయువానిని మనయూర రెండేండ్లు నిలువనిచ్చుట కష్టము.

నిలిచి చేయవలసిన పని యెట్టిదో దేవరగట్టు చూపును. కర్నూలు జిల్లాలోనే హొళగుంద మండలమునందలి ఆ కొండపై దసరారాత్రి బన్ని యుత్సవమున, మాలమల్లేశ్వరుని విగ్రహముల కొఱకు పల్లెలవారు కఱ్ఱలతో తలపడుట వాడుక. ప్రతి సంవత్సరమును తలలు పగులుచున్నవి. బందోబస్తునకు వందలకొలది పోలీసులను దింపుచున్నారు. కఱ్ఱలు మాత్రము ఆగుటలేదు. ఆ రాత్రి వచ్చి తెల్లవాఱగనే పోవు పోలీసు ఏమి చేయగలడు? ఆ పల్లెల పెద్దలతో ఏడాది పొడుగునను రచ్చబండపై కూర్చుండి మాటలాడినవాడు, సారాయి ఎచ్చటనుండి వచ్చునో ముందే కనిపెట్టినవాడు, ఏ యింట పాతపగ యున్నదో యెఱిగినవాడు కొంత చేయగలడు. దానికి ఒక దసరా చాలదు. మొదటి దసరా చూచుటకు, రెండవది మార్చుటకు.

ఇక మన సంగతి. మా పాఠకులలో భూవసతి గలవారును, పట్టణమున పరపతి గలవారును ఎక్కువమంది. కనుక నిష్ఠురమైనను చెప్పుచున్నాము. ఠాణాదారు బదిలీ పైనుండి వచ్చునదని మనమందురము. దానికి విత్తనము క్రిందనే పడుచున్నది. మన పాలేరును కొట్టిన కేసు నమోదు చేసినాడని యొకరు, ఇసుకబండి పట్టినాడని యొకరు, సివిలు తగాదాలో తలదూర్చి ఎదుటివానిని బెదరింపుమనిన వినలేదని యొకరు శాసనసభ్యుని యింటి గడప తొక్కుచున్నారు. మెత్తనివాడు వచ్చువరకు ఒకనిని మార్చి ఒకనిని తెప్పించుకొనుట పెద్దఱికమని తలచుచున్నారు. అట్లు వచ్చినవాడు ఎవరి సిఫారసుపై వచ్చెనో వారివాడే యగును. రేపు ఎదుటిపక్షము గెలిచిన యెడల వాడు వారివాడగును. అప్పుడు మన మోటారుతీగలు కోసికొనిపోయినవానిని పట్టుమని మనమెవరి నడుగుదుము?

దీనికి శాసనబలముతో కూడిన మార్గము ఇరువది యేండ్లక్రిందటనే చూపబడినది. మాజీ డైరెక్టరు జనరలు ప్రకాశ్ సింగు 1996లో తెచ్చిన వ్యాజ్యమున 2006 సెప్టెంబరు 22వ తేదిన సుప్రీముకోర్టు ఏడాజ్ఞ లొసగినది. జిల్లా సూపరింటెండెంటునకును ఠాణాధికారికిని కనీసము రెండేండ్ల పదవీకాల ముండవలెనని వానిలో నొకటి. బదిలీలను నిర్ణయించుటకు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంటు బోర్డును, పోలీసులపై ఫిర్యాదులను విచారించుటకు జిల్లాలోను రాష్ట్రములోను వేఱొక అధికారసంస్థయు నుండవలెనని తక్కినవానిలో కలదు. దేశమున పెక్కురాష్ట్రములు ఈ యాజ్ఞలను కాగితముపై కొంత మన్నించి, అమలునందు చాలవఱకు తప్పించుకొన్నవి. ఏ పక్షము గద్దెనెక్కినను ఈ విషయమున భేదము కానరాదు.

ఒక్కచోట నిలిచినవాడు ఒక వర్గమునకు చుట్టమగునుగదా యని కొందఱందురు. ఈ భయము ఉట్టిది కాదు. రాయలసీమలో అట్టివారిని మన మెఱుగుదుము. కాని రెండేండ్లన నిలువయేండ్లు కాదు. పైగా నేరముచేసినవానిని, లంచగొండిని, పనికి అసమర్థుని గడువునకు ముందే తొలగించుటకు ఆ తీర్పే వీలు కల్పించినది. తీర్పు అడ్డుపడినది సిఫారసుల బదిలీకి మాత్రమే. చుట్టఱికమునకు మందు ఫిర్యాదుల సంస్థ. తఱచు బదిలీ కాదు. ఆఱునెలలు మాత్రమే యుందునని తెలిసినవాడు ఆ యాఱునెలలలో ఊరికి చేయునదేమి, కూడబెట్టుకొనునదేమి యని వేఱుగ చెప్పవలయునా?

మఱియొక మాట. పోలీసులకు వారమున కొకదినము సెలవని రాష్ట్రప్రభుత్వము 2019లో ప్రకటించినది. చాలినంతమంది లేని ఠాణాలో ఆ సెలవు మాటగానే మిగులుచున్నది. బిడ్డ పుట్టినరోజున ఇంటికి పోలేనివాడు మన బిడ్డ తప్పిపోయెనని మనము పరుగెత్తి వచ్చునప్పుడు మృదువుగా మాటలాడవలెనని కోరుచున్నాము. కోరుట తప్పుకాదు. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను; దాని ప్రతిని ఉచితముగా ఈయవలెను. చట్టము మన హక్కును పెంచినది. దానిని నెరవేర్చవలసిన మనుష్యుల సంఖ్యను ఎవరు పెంచిరి?

చాల ఠాణాలలో ఠాణాధికారి గదిగోడపై నొక పలక యుండును. ఇంతవఱకు పనిచేసినవారి పేర్లును, చేరిన తేదియు, వెళ్లిన తేదియు దానిపై వ్రాసియుందురు. కల్లూరు మండలపు పెద్దలును, పట్టణ ప్రముఖులును తమ తమ ఠాణాలకు పోయి, వినతిపత్రములు కాక ఒక కాగితమును కలమును వెంటదీసికొనిపోయి, ఆ పలకను చదివి, ఒక్కొక్కరు ఎన్ని నెలలుండిరో లెక్క వేయవలెనని కోరుచున్నాము. రెండేండ్లు నిండని పేర్లన్నియు వ్రాసి, అవి ఏ కారణమున నిండలేదో తెలుపుమని జిల్లా సూపరింటెండెంటును సమాచారహక్కు చట్టము క్రింద అడుగవలెను. వచ్చిన జవాబులను మా పత్రికలో ప్రకటింతుము. ఆ బదిలీలలో ఏదైన మన సిఫారసువలననే జరిగియున్న యెడల, దానినిగూడ ప్రకటింతుము.